చిత్రాల సంత

పాఠ్యభాగ సందర్భం

చిత్రకళను గురించిన వ్యాసాలు సాధారణంగా చిత్రం వద్ద ఆరంభమై చిత్రం వద్దనే ముగుస్తాయి. చిత్రం పూర్తయిన తరువాత దాని గతి ఏమిటి, దానిని ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, ఆ వెలను నిర్ణయించేది ఎవరు అనే ప్రశ్నలు వాటిలో అరుదుగా కనిపిస్తాయి. గోదావరి తీరంలోని ఒక చిన్న పట్టణంలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన రచయిత, తమ ఊరి చిత్రసంతలో పొందిన అనుభవాలను ఆధారం చేసుకొని ఆ ప్రశ్నలను చర్చించిన వ్యాసం ఇది.

పాఠ్యభాగం

సంత అనే మాట వినగానే మనకు కూరగాయల తట్టలు, ఎండుమిరప బస్తాలు, గాజుల మలారాలు, పశువుల మెడలోని గంటల చప్పుడు జ్ఞాపకం వస్తాయి. వారానికి ఒక్కరోజు ఊరి చివర తోపులో వెలిసి, పొద్దు వాలేసరికి మాయమయ్యే ఈ అంగడికి తనదైన ధర్మం ఒకటి ఉంది. పండించినవాడో, నేసినవాడో, చేసినవాడో స్వయంగా వచ్చి తన సరుకు ముందు కూర్చుంటాడు. కొనేవాడు ఆ సరుకును చేతితో తాకి, పుట్టుపూర్వోత్తరాలు అడిగి, బేరమాడి కొంటాడు. పొద్దున జరిగే మొదటి అమ్మకం బోణీ. తూకానికి మించి ప్రేమగా వేసేది కొసరు. కూర్చున్న చోటుకు చెల్లించేది ఆశీలు. తెలంగాణ ప్రాంతంలో దానినే తైబజారు అంటారు. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలబడి వ్యవహరించే చోట పుట్టిన మాటలు ఇవి.

మన తిరునాళ్ళలో కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు తరతరాలుగా అమ్ముడవుతూ వచ్చాయి. చేతితో చిత్రించిన పటం మాత్రం చాలాకాలం సంతకు రాలేదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పిన తరువాత దేవతల అచ్చుపటాలు అంగళ్ళకు చేరి సామాన్యుల ఇళ్ళ గోడలనెక్కిన మాట నిజమే. కాని అవి అచ్చుపటాలు. వాటి ప్రక్కన చిత్రించినవాడు లేడు.

మరి చిత్రకారుడు ఎలా జీవించాడు? నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారుల చరిత్రలో ఇందుకు మంచి సమాధానం దొరుకుతుంది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రని నేలపై కథను వరుసగా బొమ్మలలో దించడం వారి విద్య. నలభై అడుగులకు పైబడిన పటాలు సైతం వారు వ్రాశారు. ఆ పటాలను కొన్నవారు ధనికులు కారు, కథకులు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పడానికి పటాలు వ్రాయించుకొనేవారు. పటం జీర్ణిస్తే దానిని నీటిలో కలిపి, కొత్తది చేయించుకొనేవారు. ఏ పటం ఎవరికోసమో, అందులో ఏ ఘట్టం ఉండాలో కుంచె పట్టకముందే చిత్రకారునికి తెలుసు. కొనేవాని కోసం ఎదురుచూడవలసిన అవసరం అతనికి లేదు.

సినిమా వచ్చింది, టెలివిజను వచ్చింది. కథకుల వెంట తిరిగే శ్రోతలు తగ్గారు. శ్రోతలు తగ్గగానే కథకులు పటాలు వ్రాయించడం మానుకొన్నారు. అప్పుడు నకాషీ చిత్రకారులు చేసిన పనిని కొందరు తేలికగా చూస్తారు. నాకు మాత్రం అది గొప్ప సాహసంగా తోస్తుంది. నలభై అడుగుల కథలోనుండి ఒక్క ఘట్టాన్ని విడదీసి, ఇంటి గోడకు సరిపడే చిన్న పటంగా చట్రంలో బిగించారు. ముఖాల బొమ్మలు, తాళపు చేతుల గుత్తులు కూడా చేశారు. కథ తెలిసిన పాతగిరాకీ పోయి, కథ తెలియని కొత్తగిరాకీ వచ్చింది. ఇక ఆ కథను నోటితో చెప్పవలసిన బాధ్యత చిత్రకారుని మీదనే పడింది. చిత్రసంతలలో వారి దుకాణం ముందు నిలబడి చూడండి. పటం చూపుతూ ఆ ఘట్టాన్ని వర్ణించే చిత్రకారునిలో వెనుకటి కథకుడే కనిపిస్తాడు.

మన పొరుగున బెంగుళూరులో ఏటా జరిగే 'చిత్రసంతె'ను ఇక్కడ ప్రస్తావించాలి. కన్నడంలో 'సంతె', తెలుగులో 'సంత', రెండూ ఒకే మాట. 1960లో ఏర్పడిన కర్ణాటక చిత్రకళా పరిషత్తు దీనిని నిర్వహిస్తుంది. సాధారణంగా జనవరి మొదట్లో ఒక ఆదివారం నాడు కుమారకృపా రోడ్డులో వాహనాలను ఆపివేసి, దారికి ఇరువైపులా చిత్రకారులను కూర్చోబెడతారు. ఇంటింటా ఒక కళాఖండం ఉండాలన్నది వారి ఆశయం. కొద్దిపాటి ధరకు దొరికే రేఖాచిత్రాలు మొదలు లక్షల రూపాయల తైలవర్ణ చిత్రాల వరకు ఒకే కాలిబాట మీద కనిపిస్తాయి. చిత్రశాలల తలుపు తోసుకొని లోనికి పోవడానికి జంకే మనిషి, రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఒక చిత్రం ముందు ఆగిపోతాడు. ఆ సంతకు తెలుగునాట నుండి వెళ్ళే చిత్రకారులూ ఉన్నారు. 2023 నాటికి అది ఇరవయ్యవ సంత. మధ్యలో 2021లో, కరోనా వ్యాధి కారణంగా, అది అంతర్జాలంలో జరిగింది. ఆ ఏడాది నేను సెల్‌ఫోనులో ఆ చిత్రాలను చూశాను. ఆరడుగుల చిత్రమూ, అరచేతి పటమూ ఒకే కొలతలో కనిపించాయి. గీసినవారు ఎదుట లేరు గనుక ఏమీ అడగబుద్ధి కాలేదు.

అంత పెద్ద సంతను గురించి చెప్పడం నా ఉద్దేశం కాదు. మా ఊరిలోనూ ఒక చిత్రసంత ఉంది. 2017లో సంక్రాంతి వెళ్ళిన మరుసటి ఆదివారం, గ్రంథాలయం ఆవరణలో, వేపచెట్టు క్రింద పద్నాలుగు బల్లలతో అది మొదలయింది. బల్లలు పాఠశాలవి. ఆశీలు లేదు. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక ఫొటోగ్రాఫరు, సైనుబోర్డులు వ్రాసే నలుగురు, ముగ్గురు గృహిణులు, మిగిలినవారు కళాశాల విద్యార్థులు. సైనుబోర్డుల వారిని పిలవడానికి మాలో కొందరు సంకోచించారని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఫ్లెక్సీలు వచ్చి వారి జీవనాధారాన్ని దెబ్బతీసిన రోజులవి. తీరా చూస్తే, దూరం నుండి కంటికి ఆనే చిత్రం ఎలా వేయాలో మా అందరిలో వారికే ఎక్కువ తెలుసు.

నేను పది నీటిరంగుల చిత్రాలు తీసుకొని వెళ్ళాను. వాటిలో ఒకటి సూర్యాస్తమయ వేళ లంక ఒడ్డున కట్టివేసిన పడవ. వెల ఆరువందల రూపాయలని చీటీ అంటించాను. మధ్యాహ్నం వరకు బోణీ కాలేదు. అప్పుడు నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషి వచ్చి, ఆ పడవ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మాస్టారూ, ఇది గీయడానికి ఎంతసేపు పట్టిందండీ?" అని అడిగాడు.

"రెండు గంటలండీ" అన్నాను.

"తాపీమేస్త్రికి రోజుకూలి ఆరువందలు. మీరు రెండు గంటలకే ఆరువందలు అడుగుతున్నారన్నమాట!"

ఆయన ఎగతాళి చేయలేదు. జీవితమంతా మట్టిపని లెక్కలు చూసిన మనిషి, లెక్క చూశాడు. నా దగ్గర సమాధానం లేదు. నాలుగువందల యాభైకి ఇచ్చివేశాను. ఇంటికి వచ్చి లెక్క వేసుకొంటే, చట్రానికీ అద్దానికీ రెండువందల ఇరవై, కాగితానికీ రంగులకూ తొంభై పోగా, నాకు మిగిలినవి నూట నలభై రూపాయలు.

ఆయన అడిగిన ప్రశ్న లండను న్యాయస్థానంలో ఏనాడో వినిపించిందని తరువాత చదివి తెలుసుకొన్నాను. జేమ్స్ విస్లర్ అనే అమెరికా చిత్రకారుడు, రాత్రివేళ ఆకాశంలో బాణసంచా వెలుగులను చిత్రించిన ఒక పటాన్ని 1877లో లండనులో ప్రదర్శించాడు. వెల 200 గినీలు. సుప్రసిద్ధ విమర్శకుడైన జాన్ రస్కిన్ ఆ చిత్రాన్నీ, ఆ వెలనూ పత్రికాముఖంగా దూషించాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878 నవంబరులో జరిగిన విచారణలో, రెండు రోజుల పనికా ఇంత వెల అని ప్రతివాది తరఫు న్యాయవాది నిలదీశాడు. కాదు, ఒక జీవితకాలంలో ఆర్జించిన జ్ఞానానికి ఆ వెల అని విస్లర్ బదులు చెప్పాడు. సమాధానం ప్రసిద్ధి పొందింది. దావా కూడా గెలిచాడు. కాని న్యాయస్థానం ఇప్పించిన పరిహారం ఒక్క ఫార్దింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు. ఖర్చుల భారం మీదపడి మరుసటి సంవత్సరమే అతడు దివాలా తీశాడు. ఈ కథను చెప్పేవారు సాధారణంగా సమాధానం వద్ద ఆగిపోతారు. దివాలా సంగతి కూడా తెలిసి ఉండడం చిత్రకారునికి మంచిది.

అయితే వెల ఎలా నిర్ణయించాలి? సామగ్రి ఖర్చు మొదట లెక్కించాలి. చట్రం, అద్దం, చుట్టే కాగితం, బస్సు చార్జీ కూడా అందులోకి వస్తాయి. ఆపైన పనికి పట్టిన కాలం. ఆ రెండు గంటల పడవకు ముందు నేను చింపివేసిన పడవలు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు; వాటి కాలాన్ని కూడా ఎంతో కొంత కలపక తప్పదు. ప్రక్క బల్లవారి ధరలను చూడకుండా వెల పెట్టడం మరొక పొరపాటు. జీతం ఉన్న నావంటివాడు సరదాకు చౌకగా అమ్మితే, అదే జీవనాధారమైన సైనుబోర్డు చిత్రకారుని గిరాకీ దెబ్బతింటుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. రెండవ సంవత్సరం ఒక చిత్రకారుడు నా ధరల చీటీలను చూసి ఏమీ అనకుండా తన బల్లను అవతలి వరుసకు మార్చుకొన్నప్పుడు తెలిసివచ్చింది.

బేరం అవమానం కాదు. అయితే చిత్రం వెల తగ్గించడం కంటె కొసరు వేయడం మేలని నా అనుభవం. ఒక చిన్న రేఖాచిత్రాన్నో, చేతితో గీసిన శుభాకాంక్షల కార్డునో కొసరుగా ఇస్తే కొన్నవారు సంతోషిస్తారు, వెల నిలబడుతుంది. ఇరవై, ముప్పై రూపాయల కార్డులు బల్లపై ఉండడం మరొకందుకు కూడా అవసరం. చేతిలో ఎక్కువ డబ్బులేని విద్యార్థి మొదట కార్డు కొంటాడు. ఒక బొమ్మను డబ్బు పెట్టి కొనడం అతనికి అదే తొలిసారి కావచ్చు. అచ్చువేసిన ప్రతులను అమ్మడమూ తప్పు కాదు. అచ్చుప్రతిని అచ్చుప్రతి అని చీటీ మీద వ్రాయకపోవడం మాత్రం మోసం.

చిత్రం మీద సంతకం, సంవత్సరం ఉండాలి. కొన్నవారికి రసీదు ఇవ్వాలి. చాలామంది చిత్రకారులకు తెలియని న్యాయ విషయం ఒకటుంది. చిత్రాన్ని అమ్మినంత మాత్రాన, దానిని అచ్చువేసే హక్కు కొన్నవారికి సంక్రమించదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు బదిలీ కావాలంటే వ్రాతపూర్వకమైన ఒప్పందం కావాలి. కాని ఎవరైనా డబ్బిచ్చి తమ రూపచిత్రాన్ని వేయించుకొంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ హక్కు వేయించుకొన్నవారిదే అవుతుంది. అదే చట్టంలో మరొక మేలు కూడా ఉంది. కాపీరైటుకు తొలి యజమాని అయిన చిత్రకారుని మూలచిత్రం తరువాత ఎప్పుడైనా పదివేల రూపాయలకు మించిన ధరకు చేతులు మారితే, ఆ ధరలో వాటా కోరే హక్కు అతనికి ఉంది. ఆ వాటా పది శాతానికి మించరాదు. మా సంతలో ఇంతవరకు ఆ అవసరం ఎవరికీ కలగలేదు!

మూడవ సంవత్సరం, అంటే 2019లో, బల్లలు అరవై దాటాయి. పందిరి, విద్యుద్దీపాలు, మంచినీళ్ళు కావలసివచ్చాయి. బల్లకు మూడువందల రూపాయల ఆశీలు పెట్టాము. ఆశీలు పెట్టగానే ఎవరు చెల్లిస్తే వారికి బల్ల అన్నట్లయింది. ఆ ఏడాది నా ప్రక్క బల్ల శ్రీకాళహస్తి నుండి వచ్చిన ఒక కలంకారీ చిత్రకారిణిది. ఆమె ప్రక్కనే ఒక వ్యాపారి, యంత్రం మీద అచ్చువేసిన బట్టను కలంకారీ అనే పేరుతో మూడువందల యాభైకి అమ్ముతున్నాడు. ఆమె పటం వెల నాలుగువేల అయిదువందలు. వచ్చినవారంతా రెండింటినీ చూసి, "అక్కడ మూడువందల యాభైకే ఇస్తున్నారు కదమ్మా!" అని వెళ్ళిపోతున్నారు.

ఆ రెండు ధరల మధ్య ఏముందో చెప్పాలి. శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డను ముందుగా పాలు, కరక్కాయ కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి నల్లరంగు తీస్తారు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారం బిగించి చేసిన కలంతో గీతలు గీస్తారు. పటిక పూసిన చోటనే ఎరుపు పట్టుకొంటుంది. రంగు రంగుకూ ఉతకడం, ఆరబెట్టడం. 2008లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్న జొన్నలగడ్డ గురప్పశెట్టి ఈ శ్రీకాళహస్తి సంప్రదాయానికి చెందిన చిత్రకారుడే. చెక్కఅచ్చులతో ముద్రించే పెడన, మచిలీపట్నం కలంకారీ వేరొక సంప్రదాయం. అది కూడా చేతిపనియే, దానిని నకిలీ అనరాదు. యంత్రం మీద అచ్చువేసి చేతిపని అని అమ్మేదే నకిలీ. యంత్రపు అచ్చులో ఒక పువ్వును, దాని తరువాతి పువ్వును పోల్చితే వెంట్రుకవాసి తేడా ఉండదు. కలంతో గీసిన పువ్వులలో ఏ రెండూ ఒక్కటిగా ఉండవు.

మధ్యాహ్నం దాటాక ఆమె మాటలతో ఒప్పించే ప్రయత్నం మానింది. సంచిలోనుండి కలం, రంగు తీసి, బల్లపై ఒక చిన్న గుడ్డముక్క పరచి, నెమలిని గీయసాగింది. గీత లావెక్కి, సన్నబడి, మలుపు తిరుగుతూ ఉంటే జనం మూగారు. ఆమె వెల గురించి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. సాయంకాలానికి రెండు పటాలు అమ్ముడయ్యాయి. అమ్ముడు కాకపోయి ఉంటే ఆమె మళ్ళీ మా ఊరు వచ్చేది కాదు. రాకపోక ఖర్చులు, ఆశీలు కలిపి ఆమెకు రెండువేలు దాటాయని తరువాత తెలిసింది.

ఆ రాత్రి సంఘం సమావేశంలో పెద్ద వాదమే జరిగింది. చేసినవారే బల్ల దగ్గర కూర్చోవాలి, ఇతరులకు చోటు లేదు అనే నియమం ఉండాలని నేను పట్టుబట్టాను. బల్లలు సగానికి తగ్గితే పందిరి ఖర్చు ఎవరు భరిస్తారని కోశాధికారి అడిగాడు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. పైగా, బట్ట తెచ్చి అమ్మిన ఆ వ్యాపారి కూడా ఊరూరూ తిరిగి పొట్టపోసుకొనేవాడే. చివరకు గ్రంథాలయం ఆవరణ లోపల చేసినవారికి, ప్రహరీ వెలుపల తెచ్చి అమ్మేవారికి అని విభజించాము. లోపలివారికి ఆశీలు సగం. వెలుపలివారు తమ సరుకు ఎక్కడ తయారయిందో చీటీ పెట్టాలి. ఈ ఏర్పాటు నాకు పూర్తిగా నచ్చలేదు, కోశాధికారికీ నచ్చలేదు. అయినా అది నేటికీ నడుస్తున్నది.

2023లో సంత మొదలైన గంటకే నీటిపారుదల శాఖ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. చేతిలో పాత వార్తాపత్రికలో చుట్టిన పటం ఒకటి ఉంది. విప్పి బల్లమీద పెట్టాడు. అది నా పడవే. సూర్యాస్తమయం లేదు. ఎరుపు, గులాబి రంగులు పూర్తిగా వెలిసిపోయి, బూడిదవన్నె ఆకాశం క్రింద పడవ ఒంటరిగా మిగిలింది.

"గోడకు తగిలించి ఆరేళ్ళు కాలేదు మాస్టారూ" అన్నాడు. ఆ మాటలో కోపం లేకపోవడం నన్ను మరింత బాధించింది.

తప్పు నాదే. ఆనాడు నేను వాడినవి పిల్లలు వాడే చౌకరంగులు. వాటిలో కొన్ని ఎండకు నిలవవని డ్రాయింగు మాస్టారునైన నాకు తెలియకపోలేదు. నూట నలభై రూపాయలు మిగిలించుకోవడానికి తొంభై రూపాయల రంగుల వద్ద పొదుపు చేశాను. తిరునాళ్ళలో ఏనాడో అమ్మిన వస్తువైతే ఆయన నన్ను వెదికి పట్టుకొనేవాడే కాదు. మా సంతలో ఏటా అదే వేపచెట్టు క్రింద, అదే బల్ల వెనుక కూర్చుంటాను గనుక దొరికిపోయాను.

వారం రోజులలో మంచిరంగులతో అదే పడవను మళ్ళీ వేసి తీసుకొని వెళ్ళాను. డబ్బు వద్దన్నాను. ఆయన వినలేదు. చట్రం పాతదే గనుక దాని ఖర్చు తీసివేసి, కాగితం, రంగుల వెల ఎంతో అడిగి, తన పద్ధతిలో లెక్క కట్టి, ఆరువందలు నా చేతిలో పెట్టాడు. ఈసారి ఎంతసేపు పట్టిందని అడగలేదు. ఇంటిలో ఏ గోడ మీద ఎండ పడదో చూసి చెప్పమని నన్ను లోపలికి తీసుకొని వెళ్ళాడు.

కఠిన పదాలకు అర్థాలు

మలారం : గాజుల కట్ట
తోపు : చెట్ల గుంపు
ఆశీలు : సంతలో స్థలానికి చెల్లించే రుసుము
బోణీ : ఆనాటి తొలి అమ్మకం
నకాషీ : చేర్యాల పటచిత్రకారుల కుల, వృత్తి నామం
ఘట్టం : కథలోని ఒక సన్నివేశం
జీర్ణించు : పాతబడి శిథిలమగు
ప్రతివాది : దావాను ఎదుర్కొనేవాడు
వెంట్రుకవాసి : అతి స్వల్పమైన
ప్రహరీ : ఆవరణ చుట్టూ ఉండే గోడ

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చేర్యాల చిత్రకారులకు పాతగిరాకీకి, కొత్తగిరాకీకి గల భేదాన్ని వివరించండి.
2. మూడవ సంవత్సరం సంతలో తలెత్తిన సమస్య ఏమిటి? సంఘం చేసిన ఏర్పాటు న్యాయమైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. విస్లర్ దావా కథలో రచయిత ఏ అంశాన్ని మరవరాదన్నాడు?
2. చిత్రాన్ని కొన్నవారికి ఏ హక్కు సంక్రమించదు?
3. కలంతో గీసిన కలంకారీని యంత్రపు అచ్చు నుండి ఎలా గుర్తించవచ్చు?

సందర్భ సహిత వ్యాఖ్యలు

1. "మీరు రెండు గంటలకే ఆరువందలు అడుగుతున్నారన్నమాట!"
2. "గోడకు తగిలించి ఆరేళ్ళు కాలేదు మాస్టారూ."